మధ్యాహ్నం పడని బాల్కనీ తలుపు తాళం: లాక్ మార్చాలా, తలుపే సరిచేయాలా?

బురుజు_పక్కోడు (కర్నూలు)

అందరికీ నమస్కారం. మాది కర్నూలు, నంద్యాల రోడ్డు వైపు. 2019లో ఇల్లు కట్టుకున్నప్పుడు లారీల మోత, దుమ్ము తగ్గుతాయని కిటికీలు, బాల్కనీ తలుపు అన్నీ యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) ఫ్రేముతో, రెండు పొరల అద్దంతో ఉండే డబుల్ గ్లాసువి పెట్టించాం. మోత నిజంగానే తగ్గింది, అది ఒప్పుకోవాలి. ఇప్పుడొచ్చిన తంటా వేరే.

బాల్కనీ తలుపు పడమర ముఖం, ముదురు చెక్క రంగు. హ్యాండిల్ పైకి ఎత్తితే లోపలి కొక్కేలు, గుబ్బలు ఫ్రేములోకి పోతాయి, ఆ తర్వాత తాళంచెవి తిప్పాలి. పొద్దున ఆరింటికి వెన్నలా తిరుగుతుంది. మధ్యాహ్నం ఒంటిగంట దాటిందంటే హ్యాండిల్ సగం దాకా లేచి ఆగిపోతుంది, రెండు చేతులతో ఎత్తుతూ భుజంతో తలుపును నెడితే గానీ తాళం పడదు. రాత్రి పదింటికి మళ్లీ మామూలే. మా అమ్మ చూసీ చూసీ తాళం కన్నంలో కొబ్బరి నూనె పోసింది. రెండు రోజులు బాగుంది, మూడో రోజు నుంచి తాళంచెవి కూడా పట్టేస్తోంది.

బిగించిన వాళ్లకు ఫోన్ చేస్తే ఒకతను వచ్చి రెండు నిమిషాలు చూసి "లాక్ పోయింది సార్, మొత్తం పట్టీ మార్చాలి, 14,500 అవుతుంది" అన్నాడు. ఎక్కడ పోయిందో విప్పి చూపించమంటే కంపెనీ పీసు విప్పకూడదంట. నాకు నమ్మకం కుదరలేదు. పోయిన లాక్ పొద్దున పూట ఎలా పనిచేస్తుంది?

పన్లో పని, ఇంకో రెండు అడిగేస్తా. బెడ్రూం కిటికీ హ్యాండిల్ ఫ్యాన్ రెగ్యులేటర్ లాగా ఊరికే గుండ్రంగా తిరుగుతోంది, కిటికీ మూసుకోదు. వంటింటి కిటికీ తెరిచి వదిలితే గాలికి టపటపా కొట్టుకుంటోంది, మూసేటప్పుడు కింది మూల ఫ్రేముకు తగులుతోంది. ఇవి మనం చేసుకునే పనులేనా, మనిషిని పిలవాల్సిందేనా?


సీమ_సింపుల్ (కర్నూలు)

బ్రో, తుప్పు స్ప్రే డబ్బా ఒకటి తెచ్చి లాక్, బందులు, రబ్బరు అన్నిటికీ కొట్టెయ్. మా షట్టర్‌కి అదే కొడతాం, పదేళ్లుగా నడుస్తోంది. 14 వేలు దండగ.


అనంత_ఫిట్టర్ (అనంతపురం)

పైన చెప్పిన తమ్ముడికి కోపం రాకుండా ఉంటే ఒక మాట. షట్టర్ వేరు, ఇది వేరు. ఆ స్ప్రే రబ్బరు బీడింగ్ మీద పడకూడదు, ఈ కిటికీలకు ఎక్కువగా వేసే ఈపీడీఎం రబ్బరు పెట్రోలియం నూనెలకు ఉబ్బి మెత్తబడుతుంది. రబ్బరుకు సిలికాన్ స్ప్రేనే.

ఇప్పుడు కర్నూలు తమ్ముడి సంగతి. నేను ఈ పని పదకొండేళ్లుగా చేస్తున్నా, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తా. ముందు ఆ 14,500 జేబులోనే ఉంచుకో. మధ్యాహ్నం ఒంటిగంటకు, తలుపు సరిగ్గా మొండికేసే టైముకే, తలుపు పూర్తిగా తెరిచిపెట్టి, గాల్లోనే హ్యాండిల్ ఎత్తి తాళం తిప్పు. హాయిగా తిరిగిందా, లాక్‌కు ఏ రోగమూ లేదు, తలుపు కొక్కేలూ ఫ్రేములో అవి దూరే గూళ్లూ సరిగ్గా ఎదురెదురుగా రావడం లేదంతే. తెరిచి ఉన్నప్పుడూ గట్టిగానే ఉంటే అప్పుడు హ్యాండిల్ ఎత్తితే కొక్కేలను కదిపే లోపలి గేర్ బాక్సునో, తాళంచెవి దూరే సిలిండర్‌నో అనుమానించాలి. నా దగ్గరికి "లాక్ పోయింది" అని వచ్చే వాటిలో చాలా వరకు తలుపు వాలిపోయినవే. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

పొద్దున పడి మధ్యాహ్నం పడకపోవడం ఎందుకంటే, ఈ ప్లాస్టిక్ ఒక డిగ్రీ వేడికి మీటరుకు సుమారు 0.07 మిల్లీమీటర్లు సాగుతుంది. ఇనుము కంటే ఐదారు రెట్లు ఎక్కువ. నీ తలుపు ఎత్తు 2.1 మీటర్లు అనుకో. పొద్దున 28 డిగ్రీలు, మధ్యాహ్నం పడమటి ఎండ ముదురు రంగు మీద నేరుగా పడితే 55 దాటడం పెద్ద విషయం కాదు. లెక్క వేస్తే 4 మిల్లీమీటర్లు. లోపల ఇనుప పట్టీ ఉంటుంది కాబట్టి అంతా సాగనివ్వదు, కానీ లాక్‌కు వదిలే సందే రెండు మూడు మిల్లీమీటర్లు. దానికి తోడు బయటి వైపు కాలిపోతూ లోపల ఏసీ నడుస్తుంటే తలుపు విల్లులా బయటికి వంగుతుంది, నడుము బయటికి, తల, కాళ్లు లోపలికి. నువ్వు భుజంతో నెడితే తాళం పడటానికి కారణం అదే. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, ప్లాస్టిక్ సాగదా మరి.

అయితే ఒక్క ఎండే అయితే మొదటి వేసవిలోనే ఈ గోల వచ్చేది. ఇన్నేళ్లకు వచ్చిందంటే తలుపు కొంచెం వాలింది, ఉన్న కాస్త సందును అది తినేసింది, మిగిలింది ఎండ తినేస్తోంది. చూసేది ఇలా. తలుపు మూసి, పైన ఫ్రేముకూ తలుపుకూ మధ్య సందు బందుల వైపు ఎంత ఉందో, లాక్ వైపు ఎంత ఉందో కొలువు. లాక్ వైపు ఎక్కువ ఉంటే వాలినట్టే. ఇంకోటి, కాస్త వాసిలీన్‌లో కుంకుమ కలిపి కొక్కేలకు, గుబ్బలకు పూసి తలుపు మూసి, హ్యాండిల్ ఎంత లేస్తే అంత ఎత్తి, మళ్లీ తెరువు. ఫ్రేములో అవి దూరే స్టీలు గూళ్ల మీద ఎక్కడ ఎర్రగా అంటిందో చూస్తే కథంతా తెలుస్తుంది.

హ్యాండిల్‌ను మాత్రం బలవంతంగా ఎత్తకు. ఇప్పుడు బాగున్న గేర్ బాక్స్ అలాగే విరుగుతుంది. తాళం పడిన స్థితిలో విరిగిందంటే ఆ తలుపు తెరవడం ఒక నరకం, మాకే అరపూట పడుతుంది.

తాళంచెవి పట్టేయడం అమ్మ గారి పుణ్యం. కొబ్బరి నూనె నంద్యాల రోడ్డు దుమ్ముతో కలిసి జిగురైపోయి ఉంటుంది. తలుపు అంచున, తాళం కన్నానికి సరిగ్గా ఎదురుగా ఒక పొడుగాటి స్క్రూ ఉంటుంది, అది తీసి, తాళంచెవి పెట్టి కొంచెం, అంటే గడియారంలో పన్నెండు నుంచి పదకొండు వైపో ఒంటిగంట వైపో తిప్పి లాగితే సిలిండర్ బయటికొస్తుంది. నిటారుగా ఉంచి లాగితే రాదు, లోపలి నాలుక అడ్డం పడుతుంది. చేతిలో ఉన్నప్పుడు కూడా తాళం గట్టిగా తిరిగితే సిలిండర్ మార్చెయ్. కొలత ఆ స్క్రూ రంధ్రం మధ్య నుంచి అటు ఎంత, ఇటు ఎంత అని రెండుగా తీసుకోవాలి, 35/45 మిల్లీమీటర్లు లాగా. మొత్తం 80 అని చెబితే షాపువాడు 40/40 ఇస్తాడు, ఒక వైపు బయటికి పొడుచుకొస్తుంది. అలా పొడుచుకొచ్చిన దాన్ని దొంగ ప్లయర్‌తో పట్టి విరిచేస్తాడు.


బురుజు_పక్కోడు (కర్నూలు)

అన్నా, చేశాను. మధ్యాహ్నం రెండింటికి తలుపు తెరిచి హ్యాండిల్ ఎత్తితే ఒక్క వేలితో లేచింది! ఆ 14,500 మనిషి మీద ఇప్పుడు నిజంగా మండుతోంది.

పైన సందు బందుల వైపు 5 మిల్లీమీటర్లు, లాక్ వైపు దాదాపు 9. కుంకుమ పరీక్ష చేస్తుంటే మా ఆవిడ తలుపుకు పూజ చేస్తున్నావా అంది. పై కొక్కెం గూటి కింది అంచును రాసుకుంటోంది, ఎరుపు మొత్తం అక్కడే ఉంది, మధ్యలోది బాగానే దూరుతోంది. కింద బేతంచెర్ల బండ గడప మీద ఉన్న ఫ్రేము అంచున, లాక్ వైపు మూల రాసుకున్న గీత కూడా కనిపించింది, ఇన్నాళ్లూ చూడలేదు.

బందుల మీద ప్లాస్టిక్ మూత తీస్తే ఎల్ కీ పెట్టే రంధ్రం ఉంది. తిప్పేయమంటావా? ఏ వైపు?


అనంత_ఫిట్టర్ (అనంతపురం)

ఆగు, ఇప్పుడే తిప్పకు. బందుతో ఎత్తితే తలుపు మొత్తం లేస్తుంది, నీకు పెరగాల్సింది లాక్ వైపు మాత్రమే. 4 మిల్లీమీటర్ల వాలు అంటే తలుపు మూలమట్టం తప్పింది, అది అద్దం దగ్గరి పని.

డబుల్ గ్లాస్ బరువు ఎంతో తెలుసా? అద్దం ఒక మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకు రెండున్నర కిలోలు. రెండు 5 మిల్లీమీటర్ల అద్దాలంటే చదరపు మీటరుకు 25 కిలోలు. నీ తలుపులో 1.6 చదరపు మీటర్ల అద్దం ఉన్నా 40 కిలోలు. ఆ బరువును మోయాల్సింది తలుపు ప్లాస్టిక్ చట్రం కాదు, అద్దమే ఆ చట్రాన్ని నిలబెట్టాలి. అందుకే అద్దం చుట్టూ చిన్న ప్లాస్టిక్ బిళ్లలు పెడతాం, ప్యాకర్లు అంటారు. బందుల వైపు కింది మూల ఒకటి, దానికి ఏటవాలుగా ఎదురుగా లాక్ వైపు పై మూల ఒకటి, ఈ రెండూ బిగుతుగా ఉండాలి. ఇనుప గేటుకు ఏటవాలుగా అడ్డపట్టీ కొడతారు చూడు, ఇక్కడ ఆ పట్టీ పని అద్దం చేస్తుంది. తొందరలో బిగించినవాళ్లు అన్ని మూలలా ఒకే మందం బిళ్లలు పెట్టి పోతారు, లేదా పైన అసలు పెట్టరు. కొన్నాళ్లకు తలుపు వాలుతుంది.

చేసే పద్ధతి చెబుతా, కానీ ఒక్కడివే చేయకు, ఇద్దరు మనుషులు కావాలి. లోపలి వైపు అద్దం చుట్టూ ఉండే బీడింగ్ పట్టీలను పుట్టీ బ్లేడుతో తీయాలి, పొడుగు పట్టీ ముందు, అది కూడా నడిమధ్య నుంచి మొదలుపెట్టు, మూల నుంచి లాగితే విరుగుతుంది. ఏది ఎక్కడిదో పెన్సిల్‌తో వెనక రాసుకో. పట్టీలు తీసేటప్పుడు ఇంకొకరు అద్దాన్ని అరచేతులతో పట్టుకునే ఉండాలి. మీ ఇంట్లో నేల కూడా బండలేనా? అయితే అద్దాన్ని పొరపాటున కూడా దాని మీద దించకు, అది టఫెండ్ (వేడితో గట్టిపరిచిన అద్దం) అయితే నడిమధ్య సుత్తితో కొట్టినా తట్టుకోవచ్చు గానీ మూల బండకు తగిలితే మొత్తం గుప్పెడు గుప్పెడుగా రాలిపోతుంది. గోనె సంచులు మడిచి పరుచుకో.

నిజానికి అద్దం బయటికి తీయనక్కర్లేదు. తలుపు సగం తెరిచి లాక్ వైపు కింద చెక్క చీలిక పెట్టి తలుపును మెల్లగా ఎత్తు, మూల నుంచి మూలకు టేపుతో కొలిచి రెండు కొలతలూ సమానం అయ్యేదాకా. ఆ స్థితిలో లాక్ వైపు పై మూల దగ్గర, అద్దం పక్క అంచుకూ తలుపు చట్రానికీ మధ్య ఎంత సందు మిగిలితే అంత మందం బిళ్ల బిగుతుగా దూర్చు. బందుల వైపు కింది మూల పక్కన కూడా అంతే. ఆ తర్వాత చీలిక తీస్తే తలుపు అక్కడే నిలబడాలి. పట్టీలు తిరిగి పెట్టేటప్పుడు పొట్టివి ముందు, పొడుగువి తర్వాత. ఇంత చేశాక కూడా ఒకటీ అరా తేడా ఉంటే అప్పుడు బందు స్క్రూ, పావు చుట్టు చొప్పున, తిప్పిన ప్రతిసారీ మూసి చూస్తూ.

కిటికీ హ్యాండిల్ సంగతి తేలిక. హ్యాండిల్‌ను అడ్డంగా తిప్పితే, లేదా కింది మూత పక్కకు జరిపితే రెండు స్క్రూలు కనిపిస్తాయి, విప్పు. వెనక నాలుగు పలకల కడ్డీ ఉంటుంది, కిటికీలకు 7 మిల్లీమీటర్లది, తలుపులకు 8. ఆ 7 కడ్డీని కిటికీ రంధ్రంలో పెట్టి ప్లయర్‌తో తిప్పు. అంచున గుబ్బలు కదిలితే హ్యాండిలే పోయింది, లోపలి జింకు మెడ అరిగిపోతుంది, మూడు నాలుగు వందల పని. కదలకపోతే గేర్ బాక్స్. కొనేటప్పుడు స్క్రూల మధ్య దూరం, సాధారణంగా 43 మిల్లీమీటర్లు, ఇంకా కడ్డీ ఎంత బయటికి ఉందో కొలుచుకుని వెళ్లు. పాత హ్యాండిల్ జేబులో వేసుకుపోతే ఇంకా మంచిది.


కడప_బండ (కడప)

వంటింటి కిటికీ గురించి నేను చెబుతానండీ, మా ఇంట్లో నేనే మార్చాను, ఒక తప్పు చేసి నేర్చుకున్నాను.

ఆ కిటికీని పట్టుకునేదాన్ని బందు అనరు, ఫ్రిక్షన్ స్టే అంటారు, పైన ఒకటి కింద ఒకటి కత్తెరలా మడుచుకునే స్టీలు పట్టీలు. పట్టీ మీద జరిగే ముక్కకు చిన్న ఇత్తడి స్క్రూ ఉంటుంది, ముందు అది బిగించి చూడండి, చాలా కిటికీలు అంతటితోనే గాలికి ఆగుతాయి. దాని దారిలో దుమ్ము, చీమల మట్టి ఉంటే పాత టూత్ బ్రష్‌తో తోమండి. కానీ మీది మూసేటప్పుడు మూల తగులుతోంది అంటున్నారు కాబట్టి పట్టీ వంగి ఉంటుంది. ఆషాఢం గాలికి కిటికీ ఒక్కసారి గట్టిగా వెనక్కి కొట్టుకుంటే చాలు, వంగుతుంది. వంగినదాన్ని ప్లయర్‌తో సరిచేయకండి, రెండూ కలిపి మార్చాల్సిందే, ఒకటే మారిస్తే కొత్తది లాగుతుంది పాతది వదులుతుంది.

నా తప్పు ఏమిటంటే పొడవు కొలిచి 12 అంగుళాలవి తెప్పించా, వచ్చాక బిగిస్తే కిటికీ మూసుకోదు. మడిచినప్పుడు దాని మందం కూడా చూడాలంట, 13 మిల్లీమీటర్లు, 17 మిల్లీమీటర్లు అని రెండు రకాలు. నాది 13, వచ్చింది 17. వెనక్కి పంపడానికి పది రోజులు, ఆ పది రోజులూ కిటికీకి పాత చీర కట్టి పెట్టా, కోతి ఒకటి దాన్ని కూడా లాగేసింది.

తీసేముందు పాతది ఫ్రేము మీద ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో పెన్సిల్ గీత గీయండి. స్క్రూ రంధ్రం వదులైతే చెక్క తలుపులకు చేసినట్టు అగ్గిపుల్ల విరిచి పెట్టకండి, ఇక్కడ పట్టదు, ఒక సైజు లావు స్క్రూ గానీ లోపలి ఇనుము దాకా వెళ్లే పొడుగు స్క్రూ గానీ వేయాలి. ఇంకా, షాపుకు మాగ్నెట్ తీసుకుపోండి. 304 అనే మంచి రకం స్టెయిన్‌లెస్ స్టీలుకు మాగ్నెట్ దాదాపు అంటుకోదు. గట్టిగా అంటుకుంటే తక్కువ రకం.


సీమ_సింపుల్ (కర్నూలు)

ఇంత కష్టం ఎందుకు, మన కర్నూలు ఎండకు డబుల్ గ్లాస్ ఏం పనిచేస్తుంది అసలు? చలి దేశాల వాళ్ల వస్తువు. టేకు తలుపు, వట్టివేళ్ల తడిక, అయిపోయింది.


అనంత_ఫిట్టర్ (అనంతపురం)

పనిచేస్తుంది తమ్ముడూ, ఏసీ గదిలోకి బయటి గాలి వేడి అద్దం గుండా రావడం ఒంటి అద్దంతో పోలిస్తే సుమారు సగానికి తగ్గుతుంది. కానీ నేరుగా పడే ఎండను మామూలు డబుల్ గ్లాస్ ఆపదు, అది నిజం. అందుకే పడమటి తలుపుకు బయట తడిక కట్టమని నేనే చెబుతా. తడిక కడితే తలుపూ తక్కువ కాలుతుంది, లాక్ గోలా తగ్గుతుంది. టేకుకు నేనేం వ్యతిరేకం కాదు, రేటు చూసి మాట్లాడు.


బురుజు_పక్కోడు (కర్నూలు)

అయిపోయింది, చెబుతా. ఆదివారం పొద్దున మా బామ్మర్దిని పిలిచి పెట్టుకున్నా. బీడింగ్ తీసి చూస్తే అన్న చెప్పిందే, లాక్ వైపు పై మూల బిళ్లే లేదు. కింద బందుల వైపు ఉన్నది జారి అడ్డంగా పడి ఉంది. ఐదేళ్లు ఆ తలుపు ఎలా నిలబడిందో! షాపులో అడిగితే ప్యాకర్లు రంగు రంగువి, ఒక్కో రంగు ఒక్కో మందం, గుప్పెడు ఇచ్చి 60 రూపాయలు తీసుకున్నాడు. పైన 5, 1 కలిపి 6 మిల్లీమీటర్లు పట్టింది. ఒక పొట్టి పట్టీ మూల కొంచెం చీలింది, నేనే తొందరపడ్డా. మూలల కొలతలు మొదట 7 మిల్లీమీటర్ల తేడా, ఇప్పుడు ఒకటి. బందు స్క్రూ అసలు ముట్టుకోలేదు.

సిలిండర్ 35/45, 850 పడింది. పాతదాన్ని విప్పి బోర్లిస్తే బెల్లం పాకం లాంటిది కారింది. కొత్తదానిలో పెన్సిల్ ముక్కు గీరిన పొడి తప్ప ఏమీ వేయలేదు. కిటికీ హ్యాండిలే పోయింది, 320.

నిన్న 43 డిగ్రీల్లో రెండింటికి తాళం వేశా. కొంచెం బరువుగా ఉంది గానీ ఒంటి చేత్తో పడింది. తడిక కూడా చెప్పి వచ్చా. అమ్మ మాత్రం రెండు రోజులు నూనె వల్లే బాగుపడింది కదా అంటోంది, వాదించలేదు.

కడప అక్కా, వంటింటి స్టే విప్పి కొలిచా, 10 అంగుళాలు, మందం 13. రేపు కొనబోతున్నా. మాగ్నెట్ పట్టుకుని షాపుకు పోతే నవ్వరా?


కడప_బండ (కడప)

నవ్వితే నవ్వనీయండి. ఫ్రిజ్ తలుపు మీద దేవుడి బొమ్మ ఉంటుంది కదా, దాని వెనకది చాలు. జత కొనేటప్పుడు రెండూ మడిచి, పక్కపక్కన పెట్టి మందం అక్కడే చూసుకోండి. ఒక డబ్బాలో రెండు సైజులు కలిసి వచ్చినవి కూడా చూశా.